గిట్టకుళ్ళు టీకా, ఫింబ్రియా ప్రోటీన్ వైవిధ్యం: పశ్చిమ కర్నూలు గొర్రెల మందల దృష్ట్యా ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

గొర్రెల్లో గిట్టకుళ్ళు వ్యాధికి మూలమైన డైకెలోబాక్టర్ నోడోసస్ అనే బాక్టీరియా తన ఉపరితలంపై ఉండే ఫింబ్రియా ప్రోటీన్ రూపాన్నిబట్టి పది సీరోగ్రూపులుగా విడిపోయింది. టీకా ఇచ్చే రక్షణ ఆ ప్రోటీన్ మీదే ఆధారపడుతుంది. అందువల్ల ఒక మందకు పనిచేసిన టీకా పక్క మందకు పనిచేయకపోవచ్చు. ఈ వైవిధ్యాన్ని టీకాకు అడ్డంకిగా మాత్రమే చూసే ధోరణిని ఈ వ్యాసం విమర్శిస్తుంది. ఆస్ట్రేలియా, నేపాల్, భూటాన్, కశ్మీర్, తిరుపతి పరిశోధనలను కలిపి చదివి, హొళగుంద వంటి సరిహద్దు మండలంలో టీకా నిర్ణయానికి ముందు తేల్చుకోవలసిన అంశాలను చర్చిస్తుంది.

కీలకపదాలు: గిట్టకుళ్ళు, డైకెలోబాక్టర్ నోడోసస్, ఫింబ్రియా, సీరోగ్రూపు, మందకు తగిన టీకా, హొళగుంద, గొర్రెల పెంపకం

1. ఉపోద్ఘాతం

కర్నూలు జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం హొళగుంద. దేవరగట్టు బన్ని ఉత్సవం వల్ల ఏటా దసరా నాడు ఈ మండలం పేరు పత్రికలకెక్కుతుంది. తక్కిన సంవత్సరమంతా ఆ ప్రాంతపు బతుకు నల్లరేగడి మీదా, వానమీదా, గొర్రెల మీదా నడుస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు తుంగభద్ర దిగువ కాలువ నీరు చేరినా, కాలువకు ఎడంగా ఉన్న పొలాలు నేటికీ వర్షాధారాలే. పంట పోయిన ఏడు కుటుంబాన్ని నిలబెట్టేది చాలాచోట్ల మందే. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెల సంఖ్య సుమారు 1.76 కోట్లు. దేశంలో ఇంతకంటే ఎక్కువ గొర్రెలున్నది తెలంగాణలోనే.

వానాకాలంలో మంద కుంటడం కాపరికి కొత్త విషయం కాదు. అయితే కుంటడం ఒక లక్షణం. దాని వెనుక కనీసం మూడు వేర్వేరు వ్యాధులు ఉండవచ్చు. గాలికుంటు వైరస్ వల్ల వస్తుంది. నీలినాలుక కూడా వైరస్ వ్యాధే. కుట్టే చిన్న దోమల ద్వారా వ్యాపించి, గిట్ట పైఅంచున వాపు తెచ్చి నడక చెడగొడుతుంది. మూడవది గిట్టకుళ్ళు. ఇది బాక్టీరియా వ్యాధి. గిట్టల నడిమి చర్మం మొదట ఎర్రబడి మెత్తబడుతుంది. ఆపైన గిట్ట కొమ్ముపొర అడుగు నుంచి విడిపోతూ వస్తుంది, దుర్వాసన వేస్తుంది. నొప్పి భరించలేని గొర్రె మోకాళ్ళ మీద మేస్తుంది. మేత తగ్గి బరువు తగ్గుతుంది. ఈనిన గొర్రె అయితే పాలు తగ్గి పిల్ల కూడా చిక్కిపోతుంది.

వ్యవహారంలో ఈ మూడింటికీ ‘కుంటు’ అనే మాట సరిపోతుంది. శాస్త్రానికి సరిపోదు. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటుకు ఉచితంగా టీకాలు వేస్తున్నారు. ఆ పరిధిలో గొర్రెలు, మేకలు కూడా ఉన్నాయి. టీకా వేయించిన మంద అదే వానాకాలంలో గిట్టకుళ్ళుతో కుంటితే, కాపరి దృష్టిలో ఓడిపోయేది టీకా అనే ఆలోచనే. వ్యాధి పేరు స్పష్టం కాకపోతే టీకా గుణం ఎంతటిదైనా దాని మీద నమ్మకం నిలవదు. ఈ కారణంచేత గిట్టకుళ్ళు టీకా చర్చను పేరు దగ్గర నుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.

2. ఫింబ్రియా: పట్టు, కదలిక, గుర్తింపు

ఈ బాక్టీరియాను వేరుచేసి, వ్యాధికి అదే మూలకారణమని ఆస్ట్రేలియాలో బెవరిడ్జ్ 1941లో ప్రకటించాడు. అప్పటి పేరు ఫ్యూజిఫార్మిస్ నోడోసస్. తరువాత బాక్టీరాయిడిస్ నోడోసస్ అయింది. 1990 నుంచి డైకెలోబాక్టర్ నోడోసస్‌గా స్థిరపడింది. పేర్లు మారినా ‘నోడోసస్’ మాత్రం పోలేదు. కణం కొనలు గంటుకట్టినట్లు ఉబ్బి కనిపించడమే ఆ మాటకు ఆధారం. ఇది గాలి సోకితే బతకని జీవి. పెంపకానికి తేలికగా లొంగదు. గిట్ట బయట, నేలమీద, దీని ఆయుష్షు రోజుల్లో లెక్కించదగినదే. తడి, ఓ మోస్తరు వెచ్చదనం ఉన్నప్పుడే ఒక గొర్రె నుంచి మరొక గొర్రెకు సోకుతుంది.

బాక్టీరియా ఉపరితలం నుంచి సన్నని పోగుల్లా బయటకు పొడుచుకొచ్చేవి ఫింబ్రియాలు. ఇవి నాలుగవ రకం ఫింబ్రియాల కోవకు చెందుతాయి. కణం వీటిని చాచి పట్టు చిక్కించుకొని, తిరిగి లోపలికి లాక్కొంటూ ముందుకు జరుగుతుంది. ఒక్కో పోగు ఒకే రకం ప్రోటీన్ ఉపకణాలు వేల సంఖ్యలో పేర్చుకొని ఏర్పడుతుంది. ఆ ఉపకణాన్ని నిర్మించే జన్యువుకు ఫిమ్-ఎ అని పేరు. ఈ జన్యువును తొలగించిన బాక్టీరియా గొర్రెలో వ్యాధి కలిగించలేదనీ, కణజాలాన్ని కరిగించే ప్రోటియేజ్ ఎంజైములను బయటికి పంపడం కూడా దెబ్బతిన్నదనీ 2001లో కెనన్, రూడ్ తదితరులు నిరూపించారు. పట్టు, కదలిక, విధ్వంసం మూడూ ఒకే ప్రోటీన్‌తో ముడిపడి ఉన్నాయన్నమాట. టీకా లక్ష్యంగా దీనికి ఉన్న యోగ్యతకు ఇంతకంటే బలమైన ఆధారం అక్కరలేదు.

చిక్కంతా ఈ ప్రోటీన్ నిర్మాణంలోనే ఉంది. దాని మొదటి భాగం, అంటే పోగు నడిమిలో దాగి ఉండే నీటిని వికర్షించే ఎమినో ఆమ్లాల వరుస, అన్ని జాతుల్లోనూ దాదాపు ఒక్కటే. బయటికి కనిపించే చివరి భాగం మాత్రం జాతి జాతికీ మారుతుంది. గొర్రె శరీరంలోని ప్రతిరక్షకాలు తాకగలిగేది బయటి భాగాన్నే. ఆ విధంగా మారని భాగం ప్రతిరక్షకానికి అందదు, అందే భాగం మారుతూ ఉంటుంది. మెనింజైటిస్ బాక్టీరియా మొదలు మరెన్నో సూక్ష్మజీవుల ఉపరితల ప్రోటీన్లలో ఇదే పద్ధతి కనిపిస్తుంది. రోగనిరోధక వ్యవస్థ ఒత్తిడి ఎక్కడ పడుతుందో అక్కడే మార్పులు పేరుకొంటాయి.

ఈ బయటి భాగపు తేడాలను బట్టే ఎ నుంచి ఐ వరకు తొమ్మిది సీరోగ్రూపులు గుర్తించారు. పదవది ఎం. జన్యు అమరికను బట్టి వీటిని రెండు తరగతులుగా కూడా విభజిస్తారు. డి, హెచ్ ఒక తరగతి, మిగిలినవి మరొకటి. ఒక సీరోగ్రూపు ఫింబ్రియాపై పుట్టిన ప్రతిరక్షకాలు మరో సీరోగ్రూపు నుంచి కాపాడలేవు.

సీరోగ్రూపు అనే విభజన ప్రకృతి గీసిన గీత కాదన్నది ఇక్కడ గమనార్హం. కుందేళ్ళలో తయారుచేసిన ప్రతిరక్షక ద్రవంతో కలిపినప్పుడు బాక్టీరియా కణాలు గుంపుగా కట్టుకొంటాయా లేదా అనే పరీక్ష మీద ఆ గీత గీశారు. తరువాత వచ్చిన పీసీఆర్ పద్ధతి ఫిమ్-ఎ జన్యువును సూటిగా చదువుతుంది. అయినా 2002లో ధుంగ్యేల్ బృందం రూపొందించిన బహుళ పీసీఆర్ పరీక్ష సైతం అంతకుముందే తెలిసిన ఎ–ఐ వర్గాలకు తగిన ప్రైమర్లతోనే తయారైంది. తెలిసినదాన్నే వెదికే పరీక్షకు తెలియనిది దొరకదు. నేపాల్ మందల నమూనాల్లో ఎం సీరోగ్రూపు కనిపించింది. 1998లో ఘిమిరే తదితరులు దాన్ని వర్ణించారు. కొత్త ప్రాంతంలో సర్వే చేసేవారు పాత ప్రైమర్లకు లొంగని నమూనాను ‘ఫలితం లేదు’ అని పక్కన పెట్టరాదనడానికి ఇది నిదర్శనం. సర్వే వ్యాసాలు చదివేవారు కూడా పాజిటివ్ శాతం కంటే ముందు, వర్గం తేలని నమూనాలకు ఏ గతి పట్టిందో చూడడం మంచిది.

3. పదింటినీ ఒక సీసాలో కలిపితే

1970ల ఆరంభంలో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎగర్టన్, అతని సహచరులు చంపిన కణాలతో చేసిన టీకా గొర్రెలను కాపాడడమే కాక, అప్పటికే ఉన్న పుండ్లను మాన్పుతుందని కూడా చూపారు. వ్యాధి వచ్చాక కూడా పనిచేసే బాక్టీరియా టీకాలు అరుదు. ఆ ఆశతో ఒకే జాతితో చేసిన టీకాలు పొలాల్లోకి వెళ్ళాయి. అనేకచోట్ల విఫలమయ్యాయి. పొలంలో ఉన్న సీరోగ్రూపు వేరు, సీసాలో ఉన్నది వేరు.

దీనికి సహజంగా తట్టిన పరిష్కారం అన్ని సీరోగ్రూపులనూ కలపడం. పది జాతులు కలిసిన టీకా విదేశీ విపణిలోకి వచ్చింది. ఇక్కడ మరో సమస్య తలెత్తింది. ఒకే ఫింబ్రియాతో టీకా వేసినప్పుడు పుట్టినన్ని ప్రతిరక్షకాలు, అదే ఫింబ్రియాను మరి తొమ్మిదింటితో కలిపి వేసినప్పుడు పుట్టలేదు. రక్షణ కాలం కూడా కుదించుకుపోయింది. దీన్నే ప్రతిజనకాల పోటీ అంటారు. ఒకే కుదురుకు చెంది, కొంత పోలిక, కొంత తేడా ఉన్న ప్రోటీన్లను ఒక్కసారిగా ఎదుర్కొన్న శరీరం దేనికీ పూర్తిగా స్పందించలేకపోతుంది.

1980ల రెండవ భాగంలో జన్యు ఇంజనీరింగు ద్వారా ఈ ఫింబ్రియాలను సూడోమోనాస్ ఎరుజినోసా అనే మరో బాక్టీరియాలో తయారుచేయడంలో మాటిక్, ఎలెమన్ తదితరులు విజయం సాధించారు. ఆ బాక్టీరియాకు సొంతంగా నాలుగవ రకం ఫింబ్రియాలు ఉండడంవల్ల పరాయి ఉపకణాన్ని కూడా సరిగ్గా పేర్చి బయటికి పంపగలిగింది. గాలి సోకని చోట మెల్లగా పెరిగే మొండి జీవి నుంచి ప్రోటీన్ రాబట్టుకోవలసిన బాధ తప్పింది. ఉత్పత్తి సమస్య తీరింది. పోటీ సమస్య తీరలేదు. శుద్ధిచేసిన ఫింబ్రియాలైనా ఎక్కువ రకాలను ఒకేసారి ఇస్తే స్పందన పలచబడుతూనే వచ్చింది.

ఆంధ్ర పాఠకుడికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. నీలినాలుకకు మన దేశంలో రూపొందించిన టీకాలో 1, 2, 10, 16, 23 అనే ఐదు సీరోటైపులు కలిసే ఉన్నాయి. అక్కడ కుదిరినది ఇక్కడ ఎందుకు కుదరదు? ఐదు వేరు, పది వేరు అన్నది ఒక జవాబు. రెండవది ఇంకా ముఖ్యమైనది. నీలినాలుక రక్తంలో తిరిగే వైరస్. గిట్టకుళ్ళు చర్మపు పైపొరల్లో, రక్తనాళాలు అంతగా చేరని కొమ్ముపొర అంచున సాగే వ్యాధి. రక్తంలోని ప్రతిరక్షకం అక్కడిదాకా ఊరి చేరాలంటే దాని మోతాదు చాలా ఎక్కువగా ఉండాలి. కొద్దిపాటి తగ్గుదల కూడా రక్షణను పూర్తిగా పోగొట్టడానికి కారణం ఇదే. బహుసంయోజక టీకా మంచిదా చెడ్డదా అని సాధారణంగా అడగడంలో అర్థం లేదు. వ్యాధి శరీరంలో ఎక్కడ నడుస్తున్నదో చూసి అడగవలసిన ప్రశ్న అది.

4. నేపాల్, భూటాన్: వైవిధ్యాన్నే దారిగా చేసుకొన్న ప్రయోగాలు

ఆస్ట్రేలియా సాహిత్యం చాలాకాలం వైవిధ్యాన్ని ఒక బెడదగా వర్ణించింది. దాన్ని తలకిందులు చేసిన ప్రయోగాలు హిమాలయ సానువుల్లో జరిగాయి. నేపాల్‌లో ఎత్తైన పచ్చికబయళ్ళకు వలసవెళ్ళే గొర్రెలు, మేకల మందల్లో మొదట ఏ సీరోగ్రూపులు ఉన్నాయో తేల్చి, వాటితో మాత్రమే టీకా తయారుచేసి వేశారు. ఉగ్రరూపపు గిట్టకుళ్ళు ఆ ప్రాంతం నుంచి తొలగిపోయిన వైనాన్ని ఎగర్టన్ బృందం 2002లో ప్రచురించింది. భూటాన్‌లో వ్యాధికి కారణమైనది ఒక్క బి సీరోగ్రూపే. ఆ ఒక్కదానితో చేసిన టీకాతో వ్యాధిని నిర్మూలించినట్లు గురుంగ్ తదితరులు 2006లో నివేదించారు.

ఈ రెండు ప్రయోగాల్లోనూ టీకా స్వభావమే మారిపోయింది. విపణిలో దొరికే సరుకుగా ఉన్నది ఒక మంద రోగచరిత్రకు జవాబుగా మారింది. మనుషుల వైద్యంలో దీనికి సరితూగే ఉదాహరణ న్యూజిలాండ్‌ది. 1991లో మొదలైన బి రకం మెనింగోకాకస్ మహమ్మారికి అక్కడ ప్రధానంగా ఒకే జాతి కారణం. ఆ జాతి పోర్-ఎ ఉపరితల ప్రోటీన్‌కు సరిపోయే బాహ్యపొర టీకాను 2004 నుంచి పిల్లలకు, యువకులకు వేశారు. ఒక దేశానికి, ఒక జాతికి, ఒక కాలానికి కుట్టిన టీకా అది. దాని కథలో ఒక కొసమెరుపు ఉంది. ఆ టీకా వేయించుకొన్నవారిలో గనేరియా రేటు సుమారు 31 శాతం తక్కువగా ఉన్నట్లు 2017లో లాన్సెట్ ప్రచురించిన అధ్యయనం తెలిపింది. మారే ప్రోటీన్‌ను గురిచూసి వేసిన టీకాలో మారని ప్రోటీన్లు కూడా వెంట వచ్చి, దగ్గరి బంధువైన మరో బాక్టీరియాపై పనిచేసి ఉండవచ్చుననడానికి అది సూచన. చంపిన పూర్తి కణాలతో చేసే గిట్టకుళ్ళు టీకాను పూర్తిగా కొట్టిపారేసి, శుద్ధిచేసిన ఫింబ్రియా ఒక్కటే శాస్త్రీయమని వాదించేవారు ఈ సూచనను పట్టించుకోవలసి ఉంది.

నేపాల్, భూటాన్ విజయాలను మన నేలకు యథాతథంగా తెచ్చుకోవడంలో ప్రమాదం ఉంది. నిర్మూలన అన్న మాటకు అర్థం ఉండాలంటే మందలోకి బయటి గొర్రె రాకూడదు, వస్తే పరీక్ష జరగాలి. పర్వత లోయలు ఆ కట్టడిని కొంతవరకు తామే సమకూరుస్తాయి. దక్కన్ మైదానంలో అటువంటి గోడ లేదు. ఒక మందలో రెండు కంటే ఎక్కువ సీరోగ్రూపులు ఉన్నప్పుడు ఏంచేయాలన్న ప్రశ్నకు ధుంగ్యేల్, విటింగ్టన్ ప్రభృతులు తరువాతి సంవత్సరాల్లో ఒక మార్గం చూపారు. రెండేసి సీరోగ్రూపుల టీకాలను నెలల వ్యవధి ఇచ్చి ఒకదాని తరువాత ఒకటి వేస్తే పోటీ తగ్గుతుంది. పద్ధతి సరైనదే. కానీ ప్రతి జత టీకాకు మందను మళ్ళీ మళ్ళీ పట్టుకోవాలి. కంచె వేసిన పచ్చికబయలులో అది సాధ్యం. ఏడాదిలో చాలా నెలలు ఊరూరా తిరిగే మందకు ఎంతవరకు సాధ్యమన్నది ఆ వ్యాసాల్లో లేని ప్రశ్న. దాన్ని ఇక్కడివారే వేసుకోవాలి.

5. తిరుపతి అధ్యయనం చెప్పినది

భారతదేశంలో గిట్టకుళ్ళు పరిశోధన ఎక్కువగా కశ్మీర్ నుంచి వచ్చింది. వనీ, హుస్సేన్ తదితరులు అక్కడి మందల్లో బి సీరోగ్రూపు ప్రాబల్యాన్ని చూపారు. చలి, తడి, పచ్చిక కలిసిన చోట ఈ వ్యాధి ఉండడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం కలిగించినది 2013లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన వ్యాసం. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన డి. శ్రీనివాసులు బృందం, కశ్మీర్ పరిశోధకులతో కలిసి, దక్షిణ భారతపు ఉష్ణ వాతావరణంలో గిట్టకుళ్ళు వ్యాప్తిని నమోదుచేసి, బాక్టీరియాను వేరుచేసి, దాని లక్షణాలు నిర్ణయించింది.

ఆ వ్యాసం శీర్షికలోనే ‘ఉష్ణ వాతావరణం’ అన్న మాట ఉండడం యాదృచ్ఛికం కాదు. గిట్టకుళ్ళు సమశీతోష్ణ మండలపు జబ్బు అన్న పాఠ్యపుస్తక భావనకు అది జవాబు. వాతావరణం వేడిదైనా, వానాకాలపు దొడ్డి నేల తడిదే. పేడ, మూత్రం, బురద కలిసిన ఆ నేలలో రాత్రంతా నిలబడిన గిట్టకు ఆస్ట్రేలియా పచ్చికబయలులో దొరికేపాటి తడి దొరుకుతుంది. జిల్లా సగటు వర్షపాతాన్ని చూసి వ్యాధి అవకాశాన్ని అంచనావేసేవారు దొడ్డిని చూడడం లేదు.

తెలుగు నేల మీద ఈ వ్యాధికి సంబంధించిన చర్చకు ఆ అధ్యయనం పునాది. దాని విలువ శాతాల్లో కంటే పద్ధతిలో ఉంది. క్షేత్రం నుంచి నమూనా తెచ్చి, అందులోని ఫిమ్-ఎ జన్యువును అడిగి, స్థానిక బాక్టీరియా ముఖమేదో తెలుసుకోవడం ఆ పద్ధతి. అయితే ఇటువంటి అధ్యయనాన్ని ఒక రాష్ట్రానికి ఒకసారి చేసి పెట్టుకొనే పటంగా చదవడం పొరపాటు. పది సంవత్సరాల్లో మందలు అమ్ముడవుతాయి, పొట్టేళ్ళు చేతులు మారుతాయి, సంతలు కొత్త దారులు తెరుస్తాయి. అప్పటి వర్గీకరణను ఇప్పటి టీకాకు ఆధారంగా వాడే ముందు మళ్ళీ నమూనా తీయక తప్పదు.

6. లక్ష్యం తానే కదిలితే

మందకు తగిన టీకా అనే వాదానికి ఎదురయ్యే తీవ్రమైన ఆక్షేపణ వేరే ఉంది. డైకెలోబాక్టర్ నోడోసస్ సహజంగానే పరిసరాల్లోని డీఎన్ఏను లోనికి తీసుకోగలదు. ఒక సీరోగ్రూపుకు చెందిన బాక్టీరియా మరో సీరోగ్రూపు ఫిమ్-ఎ జన్యువును తీసుకొని తన సీరోగ్రూపునే మార్చుకోగలదని 2003లో కెనన్ బృందం ప్రయోగశాలలో చూపింది. పైన చెప్పినట్లు ప్రతిరక్షకాలు ఒక రూపాన్ని తొలగిస్తూ ఉంటే, రూపం మార్చుకొన్నదానికి మందలో ఎదురుండదు.

ఈ ఫలితాన్ని ఎత్తిచూపి ఫింబ్రియా టీకాల పని అయిపోయిందనడం తొందరపాటు. రూపం మార్చుకోవడానికి బాక్టీరియా శూన్యం నుంచి జన్యువును సృష్టించుకోవడం లేదు. అదే గిట్టలో మరో సీరోగ్రూపు ఉంటేనే ఆ జన్యువు దొరుకుతుంది. బి మాత్రమే ఉన్న మందలో బి టీకా వేస్తే తప్పించుకొనే దారి దాదాపు లేదు. భూటాన్ ఫలితం దీనితో పొసగుతున్నది. రెండు మందలు ఒక దొడ్డిలో రాత్రి గడిపినచోట ఆ దారి తెరుచుకొంటుంది. అంటే టీకా ఎంతకాలం పనిచేస్తుందన్నది ప్రోటీన్ రసాయనం ఒక్కటే నిర్ణయించదు. మందలు ఎక్కడ కలుస్తాయన్నది కూడా నిర్ణయిస్తుంది. వైవిధ్యం గురించిన వ్యాసాల్లో జన్యువుకు దొరికిన పుటలతో పోలిస్తే ఈ కలయికకు దొరికిన స్థలం చాలా తక్కువ.

ఉపరితలాన్ని వదిలి, మారని లక్ష్యాన్ని వెదికే ప్రయత్నాలు కూడా జరిగాయి. 2007లో ఈ బాక్టీరియా పూర్తి జన్యుక్రమం, సుమారు 14 లక్షల బేస్ జతలు, నేచర్ బయోటెక్నాలజీలో వెలువడింది. టీకాకు పనికిరాగల ప్రోటీన్లను జన్యుక్రమం నుంచే ఎంచడం ఆ వ్యాసపు ఉద్దేశాల్లో ఒకటి. ఆ దారిలో ఇప్పటివరకు ఫింబ్రియాను పక్కకు నెట్టగల ప్రోటీన్ క్షేత్రానికి రాలేదు. 2010లో తేలిన మరో విషయం మాత్రం గట్టిగా నిలిచింది. ఉగ్రజాతులు స్రవించే ఏపీఆర్-వి2 అనే ప్రోటియేజ్‌కూ, సాధుజాతులు స్రవించే ఏపీఆర్-బి2కూ ఉన్న భేదం ఒకే ఒక ఎమినో ఆమ్లం. 92వ స్థానంలో మొదటిదానిలో టైరోసిన్, రెండవదానిలో ఆర్జినిన్. ఆ ఒక్క మార్పును పట్టే పీసీఆర్ పరీక్ష వ్యాధి పుండుగా మారకముందే ఉగ్రజాతిని గుర్తిస్తుంది. 2024 అక్టోబరులో స్విట్జర్లాండ్ దేశవ్యాప్తంగా మొదలుపెట్టిన గిట్టకుళ్ళు నిర్మూలన కార్యక్రమం ఈ పరీక్ష మీదే నడుస్తున్నది. పరీక్ష, గిట్టలను ముంచే ద్రవం, మందల రాకపోకలపై అదుపు దాని ఆయుధాలు.

స్విస్ నమూనా నుంచి గ్రహించవలసినది టీకా అనవసరమని కాదు. ప్రతి కుంటు గొర్రెకూ టీకా అక్కరలేదని. సాధుజాతి వల్ల వచ్చిన తేలికపాటి మంట పొడినేల మీద తగ్గిపోతుంది. పది శాతం జింకు సల్ఫేటు ద్రావణంలో గిట్టలను ముంచడం, అది దొరకనిచోట మైలుతుత్తం నీళ్ళు, పొడి దొడ్డి చాలాచోట్ల సరిపోతాయి. ఫింబ్రియా వర్గం ఏ టీకా వేయాలో చెబుతుంది. ప్రోటియేజ్ రూపం అసలు టీకా వేయాలా వద్దా అన్నది చెబుతుంది. రెండు పరీక్షలనూ విడివిడిగా ప్రచురించే అలవాటు వల్ల క్షేత్రంలోని పశువైద్యుడికి సగం జవాబే అందుతున్నది.

7. హొళగుంద మందకు ఈ చర్చ ఎక్కడ తగులుతుంది

కోతలయ్యాక పొలంలో గొర్రెల మందను కొన్ని రాత్రులు నిలపడం పశ్చిమ కర్నూలులో పాత పద్ధతి. రైతుకు ఎరువు, కాపరికి గింజో డబ్బో. మంద ఒక పొలం నుంచి మరో పొలానికి, ఒక ఊరి నుంచి మరో ఊరికి సాగుతుంది. హొళగుంద నుంచి పడమరకు నడిచే మందకు బళ్ళారి జిల్లా సిరుగుప్ప ప్రాంతం పరాయి దేశం కాదు. అటువైపు మాట్లాడే కన్నడం ఇటువైపు ఇళ్ళలోనూ వినిపిస్తుంది. బంధుత్వాలు, బేరాలు, మేత హద్దు దాటే ఉంటాయి. పశువైద్య శాఖలకు మాత్రం ఆ హద్దు దగ్గరే పని ముగుస్తుంది. ఆరవ భాగంలో చెప్పిన జన్యు మార్పిడికి కావలసిన పరిస్థితి, అంటే రెండు సీరోగ్రూపులు ఒక గిట్టలో చేరడం, ఏర్పడే అవకాశం ఈ కలయికల్లోనే ఎక్కువ. ఎరువు కోసం మంద నిలిపే ఆచారాన్ని దీనికి తప్పుపట్టడం అన్యాయం. నేలకూ మనిషికీ మేలుచేసే ఏర్పాటు అది. సర్వే పద్ధతే దానికి తగ్గట్టు మారాలి. మండలాన్ని యూనిట్‌గా తీసుకొని గ్రామానికి ఇన్ని నమూనాలని లెక్కకట్టే సర్వేకు మంద నడిచే దారి కనిపించదు. దారిని యూనిట్‌గా తీసుకొన్న సర్వేకు కనిపిస్తుంది.

ఎవరి ఖర్చుతో అన్నది దాటవేయరాని ప్రశ్న. బహుసంయోజక టీకా ఖరీదు కాపరి నేరుగా భరిస్తాడు. రక్షణ కొన్ని వారాలకో, కొద్ది నెలలకో పరిమితమైతే ఆ డబ్బు రెండోసారి పెట్టడు, పెట్టమనడం న్యాయమూ కాదు. సీరోగ్రూపు నిర్ధారణ ఖర్చు సంస్థ మీద పడుతుంది, కానీ దాని ఫలితం వందల గొర్రెలకు ఒకేసారి వర్తిస్తుంది. ఒకటి రెండు ఫింబ్రియాలతో చేసిన టీకాకు ప్రతిజనకం తక్కువ చాలు, రక్షణ ఎక్కువ. లెక్క ఎటు మొగ్గుతుందో స్పష్టమే. ఆ లెక్క వేయడానికి ముందు నమూనా తీసేవారు కావాలి.

ఆ నమూనా తీయడం కష్టమైన పనేమీ కాదు. ఈ బాక్టీరియాను సజీవంగా పెంచడం కష్టం, దాని డీఎన్ఏను గుర్తించడం తేలిక. గిట్టల నడుమ పుండు అంచున రుద్దిన దూదిపుల్ల ఒకటి, చల్లని పెట్టె ఒకటి, తిరుపతికి ఒక రాత్రి ప్రయాణం. సజీవ బాక్టీరియా చేరకపోయినా ఫిమ్-ఎ జన్యుక్రమం దొరికితే, ఆ ఫింబ్రియాను ప్రయోగశాలలోని మరో బాక్టీరియాలో తయారుచేయవచ్చని మూడున్నర దశాబ్దాల క్రితమే రుజువైంది. సమయం ఒక్కటే కచ్చితంగా పాటించవలసినది. జూన్ వానలు మొదలై నల్లరేగడి గిట్టలకు అంటుకొన్న మూడు నాలుగు వారాల్లో పుండ్లు తాజాగా ఉంటాయి. అప్పుడు మందలు ఇంకా ఊళ్ళ దగ్గరే ఉంటాయి. కోతల తరువాత దారి పట్టిన మందను వెతికి పట్టుకోవడం కష్టం, అప్పటికి పుండు ఆరి నమూనా కూడా బలహీనపడుతుంది. ఆ వారాల్లోనే సరిహద్దుకు ఇటు హొళగుంద మందల నుంచీ, అటు సిరుగుప్ప మందల నుంచీ ఒకేసారి నమూనాలు తీస్తే, రెండువైపులా ఒకే సీరోగ్రూపు ఉందా, వేర్వేరు ఉన్నాయా, ఒకే గిట్టలో రెండు ఉన్నాయా అన్నవి తేలుతాయి. ఏ ఫింబ్రియాతో టీకా చేయాలన్న ప్రశ్న ఆ తరువాతది.